ముందు బడ్జెట్ కాగితం రాయండి, దేవాంగపిల్లి సంగతి తర్వాత

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. భాకరాపేట పక్క పల్లెల నుంచి నలుగురు పిల్లోళ్ళు, తిరుపతిలో జువాలజీ చదివి, తలకోన వైపు దేవాంగపిల్లుల (ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్, రాత్రిపూట చెట్ల మీద తిరిగే చిన్న జంతువు) కోసం ఏదైనా చేద్దామని కూర్చున్నారు. పాతిక లక్షలకు ప్రపోజల్ రాశారు. మూడుచోట్లకు పంపితే రెండుచోట్ల కాదన్నారు, మూడోచోటి నుంచి ఉలుకూ పలుకూ లేదు. సంస్థ ఇంకా రిజిస్టర్ కాలేదు. ఇప్పుడు విదేశీ గ్రాంటుకు పోవాలా, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు అడగాలా, ఫారెస్టు డిపార్ట్‌మెంటునే పట్టుకోవాలా అని అడిగావు.

ఎక్కడికి పోవాలో చెప్తాను కానీ, ముందు నువ్వు పెట్టిన ప్రపోజల్ సంగతి చూద్దాం. దాన్ని మార్చకుండా ఇంకో ముప్ఫైచోట్లకు పంపినా ఇదే జవాబు వస్తుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఇరవై రెండేళ్ళుగా నాది ఇదే పని. గ్రాంట్లు తెచ్చుకున్నాను, పోగొట్టుకున్నాను, ఒకసారి కొంత డబ్బు తిరిగి కట్టాను కూడా. ఈమధ్య ఆరేడేళ్ళుగా ఇతరులు రాసిన ప్రపోజళ్ళు చదివి మార్కులు వేసే పని కూడా పడింది. అటు కూర్చున్నాక గానీ ఇటు నేను చేసిన తప్పులు నాకు కనబడలేదు.

మార్కులు వేసేవాళ్ళ ముందు కట్టలు కట్టలు ఉంటాయి. మొదటి పేజీలో అందరూ ఒకటే రాస్తారు: అడవులు తరిగిపోతున్నాయి, జీవవైవిధ్యం ప్రమాదంలో ఉంది, యువతను చైతన్యపరచాలి. అబద్ధం కాదు, కానీ దాన్ని బట్టి ఎవరికి ఇవ్వాలో ఎవరికి వద్దో ఎట్లా తేలుతుంది? అందుకే నేను వెనకనుంచి మొదలుపెడతాను. బడ్జెట్ కాగితం తీస్తాను. రాసినవాడు ఎప్పుడైనా గుట్ట ఎక్కాడా లేదా అన్నది అక్కడ తెలిసిపోతుంది.

నీ బడ్జెట్‌లో ఇరవై కెమెరా ట్రాపులు (ఎదురుగా జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు), ఒక డ్రోను, నాలుగు ల్యాప్‌టాపులు, ఒక సెకండ్‌హ్యాండ్ బొలెరో ఉన్నాయి. వాటికే పద్దెనిమిది లక్షలు. రాత్రిపూట నడిచే మనిషికి కూలి అన్న వరస మాత్రం ఎక్కడా లేదు. దేవాంగపిల్లి పావుకిలో చుట్టూ తూగే జంతువు. నేలమీదికి దిగడమే తక్కువ, కొమ్మ నుంచి కొమ్మకు పాకుతూ రాత్రంతా పురుగులు ఏరుకు తింటుంది. చెట్టు మొదట్లో కట్టిన కెమెరాకు ముళ్ళపంది దొరుకుతుంది, కుందేలు దొరుకుతుంది, అదృష్టం బాగుంటే ఎలుగుబంటి దొరుకుతుంది. డ్రోనుకు ఆకులు తప్ప ఏమీ కనబడవు, పైగా అనుమతి లేకుండా జాతీయపార్కు మీద ఎగరేస్తే లేనిపోని తలనొప్పి. ఈ జంతువు గురించి కొంచెం తెలిసిన మనిషి ఎవరైనా ఆ కాగితం చూసి పక్కన పెట్టేస్తాడు. నేనైనా అదే చేస్తాను, ఏమనుకోవద్దు.

దేవాంగపిల్లిని లెక్కపెట్టడానికి రాత్రిపూట నడక తప్ప వేరే దారి లేదు. తలకు లైటు కట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, రెండువైపులా కొమ్మలు చూసుకుంటూ పోవాలి. లైటుకు ఎర్ర జిలుగుకాగితం, అదే సెల్లోఫేన్, చుట్టాలి, తెల్ల వెలుతురు దాన్ని ఇబ్బంది పెడుతుంది. కళ్ళు నిప్పురవ్వల్లా మెరుస్తాయి. కిలోమీటరు నడిస్తే ఎన్ని కనబడ్డాయన్నదే మీ లెక్క. ఒకే దారిలో, ఒకే వేగంతో, వేరువేరు కాలాల్లో నడిస్తేనే ఆ లెక్కకు విలువ. బడ్జెట్‌లో ‘ఎర్ర జిలుగుకాగితం, 40 రూపాయలు’ అని ఒక వరస చూశాననుకో, ఆ ప్రపోజల్ నేను చివరిదాకా చదువుతాను.

మీ పనికి మొదటి ఏడాది నిజంగా ఎంత కావాలో నేను వేసి చూశాను. అడవి ఎరిగిన యానాది కుటుంబాల నుంచి ఇద్దరు మనుషులు, రాత్రికి 600 చొప్పున, నెలకు పది రాత్రులు, పన్నెండు నెలలు: 1,44,000. మీలో ఒకరు పూర్తికాలం పనిచేయాలి, నెలకు 20,000: 2,40,000. రెండు బండ్లకు పెట్రోలు నెలకు 2,500: 30,000. నాలుగు మంచి తలలైట్లు 10,000. అందరికీ ప్రమాద బీమా, పాము కాటుకు పనికొచ్చే గట్టి బూట్లు కలిపి 15,000. ఊళ్ళలో మీటింగులు, టీలు, కరపత్రాలు 12,000. ఆడిటరుకు 15,000. మొత్తం 4,66,000. అనుకోని ఖర్చులకు 5 శాతం కలిపితే 4,89,300. జీపీఎస్ కొనొద్దు, మీ ఫోన్లు చాలు. పాతిక లక్షల పని అయిదు లక్షలకు దిగింది. అయిదు లక్షలు ఇచ్చేవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు, పేరు లేని నలుగురికి పాతిక లక్షలు ఇచ్చేవాడు లేడు.

ఆ ఇద్దరు మనుషుల కూలి దగ్గర మాత్రం బేరాలు వద్దు. చాలా ప్రపోజళ్ళలో ‘స్థానికుల భాగస్వామ్యం’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, బడ్జెట్‌లో వాళ్ళ పేరు మీద ఒక్క రూపాయి ఉండదు. పక్క కడప జిల్లాలో 1986లో కలివికోడి మళ్ళీ కనబడింది కదా, ఎనభై ఏళ్ళకు పైగా అంతరించిపోయిందనుకున్న పిట్ట. దాన్ని రాత్రి టార్చిలైటు వెలుతుర్లో పట్టింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళతో పనిచేసిన స్థానిక వేటగాడే. అడవి తెలిసినవాడి కళ్ళే మీకు అన్నిటికంటే ఖరీదైన పరికరం, ఆ ఖరీదు కాగితం మీద కనబడాలి.

ఇక డబ్బు ఎక్కడుందో చెప్తాను. మీలాంటివాళ్ళకు మొదట పనికొచ్చేది మన దేశంలోని డబ్బే. ది హాబిటాట్స్ ట్రస్టు ఉంది, పేరున్న పులులూ ఏనుగులూ కాక ఎవరూ పట్టించుకోని జీవులకు, చోట్లకు ప్రత్యేకంగా గ్రాంట్లు ఇస్తుంది. వన్యప్రాణి శాస్త్రవేత్త రవి శంకరన్ పేరుమీద ఇన్‌లాక్స్ ఫౌండేషన్ ఇచ్చే చిన్న గ్రాంట్లు మీ వయసువాళ్ళ కోసమే పుట్టాయి. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా దగ్గర ‘ర్యాపిడ్ యాక్షన్ ప్రాజెక్టు’ అని ఉంటుంది, కొద్దికాలంలో తేల్చాల్సిన అత్యవసరమైన పనికి చిన్న మొత్తం త్వరగా ఇస్తారు. ఉదాహరణకు, మీ రోడ్డు మీద చింతచెట్లు కొట్టేస్తున్నారు, ఆ చెట్ల మీద దేవాంగపిల్లులున్నాయి అన్నావనుకో, అది అట్లాంటి పని. ఒక్కోదానికి గడువులు, షరతులు ఏటా మారుతుంటాయి కాబట్టి వాళ్ళ ప్రకటన చదవకుండా నా మాట నమ్ముకుని అప్లికేషన్ నింపొద్దు.

విదేశీ డబ్బు గురించి అడిగావు. రఫర్డ్ ఫౌండేషన్ పేరు నువ్వే రాశావు. మంచి సంస్థ, తొలిసారి రాసేవాళ్ళ మీద నమ్మకం పెట్టే సంస్థ. మొదటి గ్రాంటు సరిగ్గా పూర్తిచేస్తే రెండోది, ఆ తర్వాత బూస్టర్, చివర కంప్లీషన్ అని మెట్లు మెట్లుగా ఇస్తుంది. నీ పని ఎరిగిన ముగ్గురు సిఫారసు చేయాలి, ఆ ముగ్గురూ మీ ప్రొఫెసర్లే అయితే ప్రయోజనం తక్కువ, ఫీల్డులో పేరున్నవాళ్ళు కావాలి. అబుదాబి నుంచి మొహమ్మద్ బిన్ జాయెద్ ఫండ్ ఒకటుంది, ఒక్కో జాతికి 25,000 డాలర్ల దాకా ఇస్తుంది. కానీ వాళ్ళ చూపు బాగా ముప్పులో ఉన్న జాతుల మీద. మన శేషాచలంలో ఎర్రచందనం మీదో, ఈ చుట్టుపక్కల కొండలు దాటితే కనబడని బెడ్డోమీ సైకస్ అనే మొక్క మీదో పనిచేసేవాళ్ళకు అది సరిపోతుంది, మీకంతగా కాదు.

అయితే విదేశీ డబ్బు అనగానే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ ఉంది. ఇక్కడే మన జిల్లాలో మంచి పిల్లలు చాలామంది చిక్కుకున్నారు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పెట్టి మూడేళ్ళు కావాలి, ఆ మూడేళ్ళలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఆఫీసు నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. 2020లో చట్టం మార్చాక ఇంకో తలుపు కూడా మూసుకుంది: ఎఫ్‌సీఆర్ఏ ఉన్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయలేదు. అంతకుముందు మాలాంటి చిన్నవాళ్ళం పెద్ద సంస్థ నీడలో సబ్‌గ్రాంటు తీసుకుని బతికేవాళ్ళం, ఇప్పుడా దారి లేదు. ‘మన మనిషి అమెరికాలో ఉన్నాడు, నీ ఖాతాలో వేయిస్తాను, తర్వాత చూసుకుందాం’ అని ఎవరైనా అంటే దండం పెట్టి బయటికి రా. ఆ డబ్బు మీ ఖాతాలో పడిన రోజునుంచి చిక్కు మొదలవుతుంది.

మిగిలిన దారి ఒకటుంది. ఎఫ్‌సీఆర్ఏ ఉన్న సంస్థే గ్రాంటు తీసుకుంటుంది, పని వాళ్ళదిగా నడుస్తుంది, మీలో ఒకరిద్దరు వాళ్ళ ప్రాజెక్టు ఉద్యోగులుగా చేరతారు. పేరు వాళ్ళదే ఉంటుంది, రిపోర్టు మీద సంతకం కూడా వాళ్ళదే. అహం పక్కన పెట్టుకోగలిగితే మొదటి రెండేళ్ళకు ఇది హాయి. లెక్కలు ఎట్లా రాయాలో వేరేవాళ్ళ ఖర్చుతో నేర్చుకుంటారు. నేనట్లాగే నేర్చుకున్నాను.

ఇంకో మాట, దాతల పటాల గురించి. పడమటి కనుమలు, శ్రీలంక కలిపి, ప్రత్యేక జీవులు ఎక్కువ, ముప్పూ ఎక్కువ ఉన్న ప్రపంచ జీవవైవిధ్య హాట్‌స్పాట్‌గా గుర్తింపు ఉంది, అందుకని ఆ పేరుమీద అంతర్జాతీయ నిధులు ఏళ్ళతరబడి కేరళకు, కర్ణాటకకు పారాయి. మన తూర్పు కనుమలు ఆ గీత బయట పడ్డాయి. శేషాచలానికి 2010లో బయోస్ఫియర్ రిజర్వు హోదా వచ్చింది, విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు, లోపల శ్రీవేంకటేశ్వర జాతీయపార్కు ఉంది. అయినా దాత పటంలో రంగు లేకపోతే ఆ చోటు ఎందుకు ముఖ్యమో నువ్వే చెప్పుకోవాలి. ఈ వివరణకు రెండు వాక్యాలకు మించి ఖర్చుపెట్టొద్దు: ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే, బంగారు బల్లి లాంటివి ఈ బండల సందుల్లో ఉన్నాయి, ఇక్కడ దేవాంగపిల్లుల లెక్క తీయడం అందుకే అవసరం. అంతే. నీ ప్రపోజల్‌లో కొండల వర్ణనే నాలుగు పేజీలుంది. వెంకటేశ్వరస్వామి ప్రస్తావన రెండుసార్లు ఉంది. స్వామి మీద భక్తి నాకూ ఉంది కానీ, బెంగళూరులో కూర్చుని చదివే మనిషికి దానివల్ల తెలిసేది ఏముంది?

పక్క రాష్ట్రం సంగతి మాత్రం తప్పకుండా రాయి. తమిళనాడు ప్రభుత్వం 2022 అక్టోబరులో కరూరు, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను కడవూరు దేవాంగపిల్లుల అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు పేరుమీద అదే మొదటిది. అక్కడ ముందు సర్వేలు జరిగాయి, లెక్కలొచ్చాయి, ఆ తర్వాతే గెజిట్ వచ్చింది. మన వైపు ఆ లెక్క లేదు, మేం తెస్తాం అంటే అది అర్థమయ్యే మాట. ‘దేవాంగపిల్లిని కాపాడతాం’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

ఫారెస్టు వాళ్ళ గురించి. డిపార్ట్‌మెంటు మీకు డబ్బివ్వదు. క్యాంపా నిధులు (పోయిన అడవికి బదులు అడవి పెంచడానికి కట్టించుకునే డబ్బు), కేంద్ర పథకాల డబ్బు వాళ్ళ పనులకు వాళ్ళకే వస్తాయి, దాన్నుంచి మీకు వాటా అడగడం సమయం దండగ. వాళ్ళ దగ్గర మీకు కావాల్సింది అనుమతి. పార్కులోకి పరిశోధనకు అడుగుపెట్టాలంటే వన్యప్రాణి చట్టం 28వ సెక్షను కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. జంతువును పట్టుకోవడం, మెడకు కాలర్ కట్టడం లాంటివి అయితే 12వ సెక్షను వస్తుంది, దేవాంగపిల్లి ఆ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉంది కాబట్టి ఫైలు ఢిల్లీ దాకా పోతుంది. ఆ జోలికి పోవద్దు. మొదటి ఏడాది చూడటం, లెక్కపెట్టడం చాలు, ఒక్కదాన్ని కూడా ముట్టుకోవద్దు.

ఇక్కడ అందరికీ ఎదురయ్యే ముడి ఒకటుంది. దాత ‘అనుమతి చూపించు, డబ్బిస్తా’ అంటాడు. ఆఫీసులో ‘గ్రాంటు వచ్చిందా, వస్తే అప్లికేషన్ పెట్టు’ అంటారు. నేను మొదటిసారి ఈ రెంటి మధ్య పద్నాలుగు నెలలు తిరిగాను. ఆ తర్వాత నేర్చుకున్నదేమంటే, పనిని రెండు ముక్కలు చేసుకోవాలి. మొదటి ముక్క అడవి బయట: రోడ్ల పక్క చింతచెట్లు, మామిడి తోటల గట్లు, ఊరి చెరువుకట్ట మీది తుమ్మలు, గుడి మాన్యాలు. రైతు ఒప్పుకుంటే చాలు, జంతువును ముట్టుకోకుండా చూసి రాసుకోవడానికి పార్కు అనుమతితో పనిలేదు. రేంజరుకు ఒక ఉత్తరం ఇచ్చి తెలియజేస్తే మర్యాదగా ఉంటుంది. దాంతో ఆరు నెలల లెక్క చేతికొస్తుంది. రెండో ముక్క అడవి లోపల, అనుమతి వచ్చాక. ప్రపోజల్‌లో ఇట్లా విడగొట్టి రాస్తే దాతకూ ధైర్యం, ఆఫీసులోనూ మీ ఫైలుకు బరువు.

అనుమతి పత్రం లేకుండా రాత్రి లోపలికి పోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? భాకరాపేట పిల్లోడివి. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్సు వాళ్ళు తిరిగే కొండలు ఇవి. చీకట్లో తలకు లైట్లు కట్టుకుని, భుజాన సంచులతో నలుగురు మనుషులు నడుస్తుంటే వాళ్ళకు ఏమనిపిస్తుంది? అవతల దొంగలకు ఏమనిపిస్తుంది? లోపల నడిచే ప్రతి రాత్రికీ ముందురోజే బీట్ ఆఫీసరుకు, దగ్గర్లోని బేస్ క్యాంపుకు చెప్పాలి, ఒక వాచరును వెంట తీసుకుపోవాలి. అతని భత్యం కూడా బడ్జెట్‌లో పెట్టు. నేను పైన వేసిన లెక్కలో అది లేదు, రెండో ముక్కకు కలుపుకో.

సీఎస్ఆర్ గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే నా చేతులు కాలింది అక్కడే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు వేటికి ఖర్చుపెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్లో పర్యావరణం, జీవజాలం రక్షణ కూడా ఉన్నాయి. శ్రీసిటీ మన తిరుపతి జిల్లాలోనే ఉంది, తలుపు తట్టడానికి ఫ్యాక్టరీలకు కొదవలేదు. కానీ మీకు 12ఎ, 80జి అనే ఆదాయపన్ను మినహాయింపు నమోదులు, సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి సీఎస్ఆర్-1 నమోదు, మూడేళ్ళ పని అనుభవం ఉండాలి. అందుకని సంస్థ రిజిస్ట్రేషన్ ఈ నెలలోనే చేసేయండి, డబ్బు ఇప్పుడు రాకపోయినా ఆ మూడేళ్ళు లెక్కలోకి రావడం మొదలవుతుంది.

నాకేమైందంటే, కొన్నేళ్ళ కింద ఒక కంపెనీ వాళ్ళు ఫిబ్రవరిలో ఫోన్ చేశారు. మార్చి 31 లోపల ఖర్చయిపోవాలి, పదివేల మొక్కలు నాటితే చాలు అన్నారు. చేతిలో డబ్బు లేని ఏడాది అది. సరేనన్నాను. ఊరి బయట చిట్టీత పొదలు, రేగుకంపలు ఉన్న గుట్టవార భూమి, రికార్డుల్లో బంజరు. కౌజుపిట్టలు, కుందేళ్ళు, నక్కలు తిరిగే చోటు, గొర్రెలు మేసే చోటు. పొదలు కొట్టేసి గుంతలు తీసి కానుగ, వేప నాటాం. నడి వేసవిలో ట్యాంకర్లతో నీళ్ళు పోశాం. ఫొటోలు బాగా వచ్చాయి. మరుసటి ఏడాదికి పదింట ఒకటి కూడా బతకలేదు. గొర్రెలకాపర్లు రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. కౌజుపిట్టల కూత వినాలంటే ఇప్పటికీ ఆ గుట్ట అవతలికే పోవాలి. ఆ కంపెనీ తప్పేం లేదు, వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు, తెలిసీ తీసుకున్నాను. ఈ ఆవాసాన్ని కాపాడాలని తిరిగినవాణ్ణి ఆవాసాన్ని నా చేత్తోనే గొడ్డలి పెట్టి కొట్టించాను.

అందుకే సీఎస్ఆర్ వాళ్ళ దగ్గరికి పోయేటప్పుడు వాళ్ళ పథకంలో ఇమిడిపోవడానికి పోవద్దు. మీ పనిలో వాళ్ళకు అర్థమయ్యే ఒక ముక్క తీసి చూపించు. ఉదాహరణకు: దేవాంగపిల్లి కరెంటు తీగలు పట్టుకుని రోడ్డు దాటబోయి చచ్చిపోతుంది, చెట్టు కొమ్మలు కలిసేచోట్ల తాళ్ళతో చిన్న వంతెనలు కడతాం, ఒక్కోదానికి ఇంత. అట్లాంటిది అయితే వాళ్ళూ ఫొటో తీసుకోవచ్చు, జంతువుకూ పనికొస్తుంది. అయితే ఎక్కడ కట్టాలో మీ మొదటి ఏడాది లెక్క చెప్పాలి, అది లేకుండా కట్టిన తాడు మీద ఉడతలు ఆడుకుంటాయి.

ఊరి స్థాయిలో ఇంకో చిన్న తలుపుంది, ఎవరూ తట్టరు. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, దానికొక నిధి కూడా. చాలాచోట్ల కమిటీ కాగితం మీదే ఉంటుంది. అయినా ఆ చట్టం వట్టిది అనుకోవద్దు: 2025లో జాతీయ జీవవైవిధ్య సంస్థ చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు జిల్లాల ఎర్రచందనం రైతులకు లాభాల వాటా కింద సుమారు 3 కోట్లు ఇచ్చింది. మీ పంచాయతీ కమిటీ రిజిస్టరులో దేవాంగపిల్లి పేరు, అది తిరిగే చెట్ల వివరం ఎక్కించండి. డబ్బు వెంటనే రాదు. కానీ రేపు రోడ్డు వెడల్పు చేస్తామని చింతచెట్లకు నంబర్లు వేసినప్పుడు మీ చేతిలో పంచాయతీ ముద్ర ఉన్న కాగితం ఉంటుంది.

నీ స్నేహితుడు పలమనేరు వాడు ఏనుగుల మీద కూడా అడిగాడన్నావు. అది పూర్తిగా వేరే లోకం. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు దిగాక 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటినుంచీ అక్కడ తేలని లెక్క పంట నష్టం, మనుషుల ప్రాణాలు, కరెంటు తీగలకు చచ్చే ఏనుగులు. 2025లో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులు, వచ్చాయి, ముసలిమడుగు దగ్గర క్యాంపు పెట్టారు. అంత పెద్ద పనిలో నలుగురు కుర్రాళ్ళు చేయగలిగేది ఒక్కటే, ఊరికి ముందుగా కబురు చేర్చే ఏర్పాటు. దానికి ఫోన్లు, నమ్మకమైన మనుషులు చాలు. వేరేగా రాయమను, ఈ ప్రపోజల్‌లో కలపొద్దు. ఒకే కాగితంలో రెండు జంతువులుంటే ఏదీ నడవదు.

లెక్కల గురించి రెండు మాటలు, ఎందుకంటే రెండో గ్రాంటు వచ్చేదీ రానిదీ అక్కడే. నేను తిరిగి కట్టిన డబ్బు కథ ఇదే: ప్రయాణ ఖర్చుల్లో ఉన్న మొత్తంతో పాత బైకు కొన్నాను. దొంగతనం కాదు, బాడుగ బండ్ల కంటే అదే చవక. కానీ దాతకు ముందు ఒక్క మెయిల్ పెట్టి అడగలేదు. వాళ్ళు ఒప్పుకోలేదు, మొత్తం వెనక్కి కట్టమన్నారు, కట్టాను. ఒక వరసనుంచి ఇంకో వరసకు డబ్బు మార్చాలంటే ముందు అడగండి, ఎక్కువమంది సరే అంటారు. టీకొట్టువాడు బిల్లివ్వడు, కొబ్బరిబోండాలవాడు ఇవ్వడు. అందుకు మీ సొంత వోచర్లు అచ్చు వేయించుకుని తేదీ, ఊరు, పని, సంతకమో వేలిముద్రో తీసుకోండి. 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు. ఒకరికి ఒకరోజులో 10,000 మించి నగదు ఇవ్వొద్దు, ఆడిటరు కొట్టేస్తాడు. యానాది మనిషికి బ్యాంకు ఖాతా లేదనే సాకుతో కూలి మీ ఖాతాలో వేసుకుని చేతికివ్వొద్దు, ఖాతా తెరిపించండి. ఒక పూట పని అది.

రిపోర్టులో చెడ్డ వార్త దాచొద్దు. ‘నెలకు పది రాత్రులు అనుకున్నాం, అక్టోబరు, నవంబరు వానల్లో మూడే నడిచాం’ అని రాసినవాణ్ణి నేను నమ్ముతాను. అన్నీ నూటికి నూరు శాతం అయ్యాయన్నవాడి వోచర్లు తీయిస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ప్రపోజల్ పక్కన పడేసి, వచ్చే నెలలో పది రాత్రులు నడవండి. అడవి బయటే. భాకరాపేట నుంచి ఎర్రావారిపాళెం వైపు రోడ్డు పక్క చింతచెట్లున్న చోట రెండు కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకోండి. పోలీసుస్టేషన్లో ఒక ఉత్తరం ఇచ్చిపెట్టండి. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎక్కడ కనబడింది, ఏ చెట్టు, ఎంత ఎత్తు, ఏమీ కనబడని రాత్రులు ఏవి, అన్నీ ఒకే నోటుబుక్కులో. సున్నాలు కొట్టేయొద్దు, సున్నా కూడా లెక్కే. పెట్రోలు ఎంతయింది, టీలకు ఎంతయింది, ఎవరికి కాలు బెణికింది, అదంతా వెనక పేజీల్లో రాసుకోండి. మీ బడ్జెట్ అక్కడినుంచి వస్తుంది.

నెలకు రెండుసార్లు నేను పీలేరు మీదుగా పోతుంటాను. ఆ నోటుబుక్కు పట్టుకుని రండి, బస్టాండు ఎదురుగా కూర్చుని బడ్జెట్ రాద్దాం. ల్యాప్‌టాపు అక్కర్లేదు.